టవర్ ఎక్కే అర్హత, దానికి కావలసిన సమయం

ఇళ్లకూ కార్యాలయాలకూ ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే ఫీల్డ్ టెక్నీషియన్‌గా నేను చాలాకాలం పనిచేశాను. ఆ పనిలోనూ ప్రమాదాలు లేకపోలేదు. నిచ్చెన జారవచ్చు, స్తంభం మీద మన కేబుల్ పక్కనే కరెంటు తీగ ఉండవచ్చు, 0.125 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే ఫైబర్ తునక చర్మంలో దిగితే తీయడానికి కంటికి కూడా ఆనదు. అయినా మొబైల్ టవర్లపైనా, భూగర్భ కేబుళ్ల మ్యాన్‌హోళ్లలోనూ పనిచేసే బృందంలోకి మారాలని దరఖాస్తు చేసుకున్న తర్వాతే, ఈ వృత్తిలో భద్రత అనేది ఎంత సమయం అడుగుతుందో, ఆ సమయం ఎవరి ఖాతాలో పడుతుందన్న విషయం మీద ఎంత పెనుగులాట ఉంటుందో నాకు అర్థమైంది. అర్హత సంపాదించడం ఒక ఎత్తు, సంపాదించిన అర్హత ప్రకారం పనిచేయగలగడం మరొక ఎత్తు. రెండింటి గురించీ రాస్తున్నాను.

మొదటి దశ వైద్య పరీక్ష. రక్తపోటు, చూపు, వినికిడి చూస్తారు; కళ్లు తిరగడం, మూర్ఛ వంటివి ఎప్పుడైనా ఉన్నాయా అని అడుగుతారు. బరువు తూచేటప్పుడు కొందరు నవ్వుకుంటారు గాని అది లాంఛనం కాదు. పడిపోయే మనిషిని ఆపే షాక్ అబ్జార్బర్లను సాధారణంగా 100 కిలోల బరువుతో పరీక్షిస్తారు. మన ఒంటి బరువుకు పనిముట్ల సంచి, హెల్మెట్, హార్నెస్ (పడకుండా ఒంటికి బిగించుకునే పట్టీల సెట్టు) బరువు కలిపి చూసుకోవాలి. ఆ మొత్తం లేబుల్ మీద ముద్రించిన పరిమితిని మించితే, వేరే పరికరం ఇవ్వవలసిన బాధ్యత యాజమాన్యానిది. బరువు తగ్గి రమ్మని టెక్నీషియన్‌ను వెనక్కి పంపడం పరిష్కారం కాదు.

ఎత్తులో పనిచేసే శిక్షణలో మొదటి పూటంతా మేము నేల మీదే ఉన్నాము. శిక్షకుడు మాలో ఒక్కొక్కరికీ ఒక పాత హార్నెస్ ఇచ్చి, లోపం కనిపెట్టమన్నారు. పైపైన చూస్తే నాకిచ్చినది బాగానే ఉంది. అప్పుడాయన నైలాన్ పట్టీని రెండు చేతులతో పట్టుకుని, వంపు పైకి వచ్చేలా మడిచి, ఆ వంపును పట్టీ పొడవునా జరుపుకుంటూ వెళ్లారు. తొడ పట్టీ దగ్గరకు వచ్చేసరికి వంపు మీద తెగిన పోగులు నూగులాగా పైకి లేచాయి. చదునుగా పరిచినప్పుడు అవి కనిపించనే లేదు. కుట్ల రంగు పట్టీ రంగుకు భిన్నంగా ఎందుకు ఉంటుందో (కుట్టు తెగితే వెంటనే తెలియడానికి), మార్కర్ పెన్నుతో పట్టీ మీద పేరు ఎందుకు రాయకూడదో (సిరాలోని ద్రావకం పోగులను దెబ్బతీయవచ్చు) ఆయన ఒక్కొక్కటిగా చెప్పారు. ఎక్కే ముందు ప్రతిసారీ వాడే మనిషే చూసుకోవాలి, ఏడాదికి ఒకసారైనా అర్హత ఉన్న మరొకరు పరీక్షించి నమోదు చేయాలి, ఒక్కసారి మనిషిని పడకుండా ఆపిన హార్నెస్‌ను ఎంత కొత్తగా కనిపించినా మళ్లీ వాడకూడదు. నిజాయతీగా చేస్తే ఈ పరిశీలనకు కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత నేర్పినది లెక్క. రెండు మీటర్ల లాన్‌యార్డ్‌తో (హార్నెస్‌ను కలిపే తాడుతో) యాంకర్‌కు, అంటే కొక్కెం తగిలించే గట్టి ఆధారానికి, తగిలించుకున్న మనిషి పడితే, లాన్‌యార్డ్ పొడవు 2 మీటర్లు, షాక్ అబ్జార్బర్ విచ్చుకుని సాగేది 1.75 మీటర్ల వరకు, వెనుక కొక్కెం నుంచి పాదాల దాకా దాదాపు 1.5 మీటర్లు, కింద అదనంగా ఉండవలసిన ఖాళీ 1 మీటరు. అంటే యాంకర్ నుంచి కిందికి 6.25 మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు. నాలుగు మీటర్ల ఎత్తులో ఉన్న రూఫ్ అంచు మీద అదే లాన్‌యార్డ్ తగిలించుకున్నవాడు, హార్నెస్ వేసుకుని కూడా నేలను తాకుతాడు. ఐరోపా ప్రమాణాల ప్రకారం అబ్జార్బర్ పని, శరీరం మీద పడే బలాన్ని 6 కిలోన్యూటన్లు దాటనివ్వకపోవడం. అది కూడా సుమారు 600 కిలోల బరువు ఒక్క క్షణం వేలాడినంత బలం. ఈ లెక్క తెలిసిన తర్వాత, కొక్కేన్ని పాదాల దగ్గర కాకుండా తలకంటే ఎత్తులో తగిలించాలన్న నియమం ఎవరూ గుర్తు చేయనవసరం లేకుండానే చేతికి అలవాటైంది.

శిక్షణ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది రక్షణ అభ్యాసం. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోయి, గుండెకూ మెదడుకూ చేరేది తగ్గిపోతుంది. కొద్దిసేపట్లోనే స్పృహ తప్పవచ్చు, ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. అంబులెన్స్ కోసం, అగ్నిమాపక దళం కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు కాబట్టి దించే పని తోటి టెక్నీషియనే చేయాలి. మనిషంత బరువున్న బొమ్మను టవర్ మధ్యలో వేలాడదీసి, రక్షణ కిట్‌తో దాని దగ్గరకు చేరి, దాని బరువును మన తాడు మీదికి మార్చుకుని, పాత లాన్‌యార్డ్ విడిపించి, నెమ్మదిగా కిందికి దించాలి. బరువు మారే ఆ ఒక్క క్షణంలో చేతులు తడబడతాయి. చేతి తొడుగుల్లోంచి కొక్కెం మూతి తెరుచుకోదు, చెమటకు హెల్మెట్ కళ్ల మీదికి జారుతుంది, కింద నుంచి రేడియోలో పిలుపు వస్తుంటే సమాధానం చెప్పడానికి చేయి ఖాళీ ఉండదు. ఈ పని ఒక్కడివల్ల సాధ్యం కాదని అర్థమవడానికి నాకు ఇంకే వివరణా అవసరం కాలేదు. టవర్ దగ్గరకు ఒంటరిగా పంపే ఏ టికెట్‌నైనా (పని ఆదేశాన్నైనా) ఆ రోజు నుంచి నేను అనుమానంతోనే చూస్తున్నాను.

రేడియో తరంగాల పాఠం చిన్నదే. పనిచేస్తున్న సెక్టార్ యాంటెన్నా (ఒక దిక్కుకు సిగ్నల్ పంపే యాంటెన్నా) ముందు భాగానికి దగ్గరగా వెళ్లకూడదు. వెళ్లవలసి వస్తే దాని పవర్ తగ్గించాలి లేదా ఆపాలి. రేడియో తరంగాల వంటి వికిరణాల నుంచి రక్షణకు పరిమితులు సూచించే అంతర్జాతీయ కమిషన్ ఐక్‌నిర్ప్ మార్గదర్శకాల్లో 900 మెగాహెర్ట్జ్ దగ్గర సాధారణ ప్రజలకు పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 4.5 వాట్లు, శిక్షణ పొంది ఆ పని చేసేవారికి 22.5 వాట్లు. అంటే మనకు అయిదు రెట్లు ఎక్కువ అనుమతిస్తారు; మనం ప్రమాదం తెలిసినవాళ్లమనీ జాగ్రత్తలు తీసుకుంటామనీ దాని వెనుక ఉన్న ఊహ. ఒకే టవర్ మీద ఇద్దరు ముగ్గురు ఆపరేటర్ల యాంటెన్నాలు ఉన్న చోట అసలు చిక్కు వస్తుంది. మన కంట్రోల్ రూమ్ మన సెక్టార్‌ను మాత్రమే ఆపగలదు. పై వరుసలో ఉన్న యాంటెన్నా దగ్గరకు చేరాలంటే మధ్య వరుసలో ఉన్న మరొకరి యాంటెన్నా ముందు నుంచి పోవలసి ఉంటే, వారి కంట్రోల్ రూమ్ నుంచి కూడా నిర్ధారణ రావాలి. ఆ ఫోన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

మ్యాన్‌హోల్ శిక్షణకు వచ్చేసరికి, గ్యాస్ డిటెక్టర్ లేకుండా మూత తెరిచి దిగిన రోజుల గురించి పాతవారు చెప్పే కబుర్లు విని ఊరుకోవడం నావల్ల కాలేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 శాతానికి తగ్గినా 23.5 శాతాన్ని దాటినా దిగకూడదు. మండే వాయువు, దాని కనిష్ఠ పేలుడు పరిమితిలో (గాలిలో అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో) 10 శాతానికి చేరితే దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు అలారం సాధారణంగా 10 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో పది) దగ్గర పెడతారు. మీథేన్ గాలికంటే తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు. అందువల్ల మూత దగ్గర ఒకసారి చూసి సరిపెట్టుకోకుండా పైన, మధ్యలో, అడుగున వేరువేరుగా పరీక్షించాలి, గొట్టంలోంచి గాలి డిటెక్టర్‌ను చేరేదాకా ప్రతిచోటా ఆగాలి. వాసనను నమ్మడానికి లేదు: హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు ముక్కు మొద్దుబారిపోతుంది. ఇరుకు ప్రదేశాల్లో చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవారేనని అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ 1986లో హెచ్చరించింది. పైన నిలబడిన మనిషి ఎట్టి పరిస్థితిలోనూ లోపలికి దిగకూడదన్న నియమం ఎందుకంత కఠినంగా ఉందో ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

పరీక్షలు, పర్యవేక్షణలో ఎక్కడం పూర్తయి కార్డు చేతికి వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

మాకు పని టికెట్ల రూపంలో వస్తుంది. యాంటెన్నా మార్చడానికి ఇంత, కేబుల్ కనెక్టర్ బాగుచేయడానికి ఇంత అని ప్రతి పనికీ ఒక ప్రామాణిక సమయం కట్టి ఉంటుంది. స్థలానికి చేరి మొబైల్ యాప్‌లో నొక్కగానే గడియారం తిరగడం మొదలవుతుంది. హార్నెస్ పరిశీలన, రక్షణ పథకం రాయడం, వాతావరణం చూసుకోవడం, పవర్ ఆపినట్టు నిర్ధారణ కోసం ఎదురుచూడడం, వీటిలో ఏదీ ఆ ప్రామాణిక సమయంలో లేదు. ఉరుము విషయమే చూడండి. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే దిగిపోవాలని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలని శిక్షణలో నేర్పారు. రెండు గంటల టికెట్‌లో ఒక్క మబ్బు వస్తే నాలుగో వంతు సమయం అక్కడే పోతుంది. నెట్‌వర్క్ ఆగిన ప్రతి గంటకూ ఆపరేటర్ కాంట్రాక్టర్ మీద జరిమానా వేస్తాడు, కాంట్రాక్టర్ దాన్ని సబ్‌కాంట్రాక్టర్ మీదికి నెడతాడు, సబ్‌కాంట్రాక్టర్ దగ్గర టికెట్‌కు ఇంత అని కూలి కట్టించుకునే టెక్నీషియన్ ఆ ఒత్తిడినంతా తన ఒంటితో మోస్తాడు. తొందరపడమని నోటితో ఎవరూ అనరు. గడియారమే అంటుంది.

మేము కొందరం కలిసి దీన్ని మార్చమని అడగాలని నిర్ణయించుకున్నాము. కోపంగా రాసిన ఫిర్యాదులు అంతకు ముందు చాలా వెళ్లాయి, అన్నీ ఫైళ్లలో ఉండిపోయాయి. అందుకని ఈసారి ప్రతి టికెట్ మూసేటప్పుడు రిమార్కుల గడిలో సమయాలు మాత్రమే రాశాము: చేరిన సమయం, పవర్ ఆపమని అడిగిన సమయం, నిర్ధారణ వచ్చిన సమయం, ఎక్కడం మొదలుపెట్టిన సమయం. వ్యాఖ్యానం ఏమీ రాయలేదు. రెండో పని, కంపెనీ సొంత భద్రతా నియమావళిలో తప్పనిసరి అని ఉన్న దశలను ఒక పక్క, టికెట్‌లో వాటికి కేటాయించిన నిమిషాలను మరో పక్క పెట్టి ఒక పట్టిక తయారుచేశాము. రెండో వరుస నిండా సున్నాలే ఉన్నాయి. ప్రాణానికి తక్షణ, తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ణి అనుచిత పరిణామాల నుంచి కాపాడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడిక 13వ అధికరణం చెబుతుంది. 2022 జూన్ నుంచి ఆ ఒడంబడికను ప్రాథమిక ఒడంబడికల్లో ఒకటిగా లెక్కిస్తున్నారు. దాన్నీ విన్నపంలో ఉదహరించాము. అయితే ఒడంబడిక పేరు చూసి ఏ మేనేజరూ కదలడు. మా పట్టికలోని సున్నాలే కదిలించాయని నా అభిప్రాయం, ఎందుకంటే రేపు ప్రమాదం జరిగితే విచారణ అధికారి ముందుగా అడిగే కాగితం అదే.

భద్రతా కమిటీ సమావేశంలో మాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ సమయాన్ని ఒప్పుకుంటే టెక్నీషియన్లు దాన్ని దుర్వినియోగం చేయరా? మా తరఫున మాట్లాడిన సీనియర్ సహోద్యోగి దానికి జవాబుగా, పవర్ నిర్ధారణ సమయం కంట్రోల్ రూమ్ రికార్డులోనే ఉంటుంది, మా మాట నమ్మనవసరం లేదు, రెండింటినీ పోల్చుకోండి అన్నారు. వారు పోల్చి చూశారు. సమయాలు సరిపోయాయి.

చివరికి వచ్చిన మార్పు మేము అడిగినంత లేదు. టవర్ టికెట్లలో ఎక్కేముందు సన్నాహానికి విడిగా సమయం చేర్చారు. పవర్ ఆపమని అడిగినప్పటి నుంచి నిర్ధారణ వచ్చేదాకా, ఉరుములు ఆగేదాకా గడియారం నిలిచిపోయేలా యాప్‌ను మార్చారు. టవర్ పనికి ఇద్దరు ఉండాలన్నది రాతపూర్వకంగా వచ్చింది. సబ్‌కాంట్రాక్టర్ల దగ్గర టికెట్ లెక్కన కూలి తీసుకునేవారికి ఆ ఆగిన సమయానికి డబ్బు ఇవ్వాలా వద్దా అనేది ఇంకా తేలలేదు. నన్నడిగితే అదే ముఖ్యమైన అంశం: గడియారం ఆగినా కూలి కూడా ఆగిపోతే, ఎదురుచూసే భారం మళ్లీ కింది మనిషి మీదే పడుతుంది. మ్యాన్‌హోల్ టికెట్లలో గ్యాస్ పరీక్షకు ఇప్పటికీ ఒక్క నిమిషం కూడా చేర్చలేదు. వాటికి సంబంధించిన సమయాలను అదే రిమార్కుల గడిలో రాస్తున్నాము. పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసుకున్న రీడింగులను కూడా ఈసారి విడివిడిగా నమోదు చేస్తున్నాము. తదుపరి కమిటీ సమావేశానికి ఆ పట్టిక సిద్ధమవుతోంది.