ఎనిమిదేళ్ళు కళ్ళు చూశాక మళ్ళీ ఫస్టియర్: అమెరికా ఆప్టోమెట్రీ స్కూలుకు అప్లై చేసిన నా అనుభవం

మాది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర ఒక పల్లె. నాన్నది పొగాకు వ్యవసాయం. ఒంగోలులో ఇంటర్ బైపీసీ చదివాను, మెడికల్ సీటు రాలేదు, చెన్నైలో బీఆప్టంలో, అంటే కళ్ళు పరీక్షించడం నేర్పే ఆప్టోమెట్రీ డిగ్రీలో చేరాను. మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. 2016లో బయటికొచ్చి రెండేళ్ళు చెన్నైలోనే పనిచేసి, 2018 నుంచి ఒంగోలులో ఒక కంటి ఆసుపత్రిలో ఉన్నాను. పవర్ చెక్ చేయడం, ఆపరేషన్‌కి ముందు లెన్స్ కొలతలు తీయడం, ప్రెజర్ చూడడం, పల్లెల్లో క్యాంపులు ఇదంతా నా పని. 2019 అక్టోబరులో ఆంధ్రలో కంటి వెలుగు మొదలైనప్పుడు స్కూలు పిల్లల్ని వరసబెట్టి చూసిన రోజులున్నాయి, సాయంత్రానికి పవర్ చూసే రెటినోస్కోపు పట్టుకున్న చేయి లాగేసేది.

అమెరికా ఆలోచన వచ్చాక మొదట వెళ్ళింది ఒక కన్సల్టెన్సీకి. మీరు మళ్ళీ చదవక్కర్లేదు మేడం, నర్సులు పరీక్ష రాసి వెళ్తున్నారుగా, మీకూ అలాంటి బోర్డు పరీక్ష ఉంది, రాస్తే చాలు అన్నారు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకున్నారు. నాలుగు నెలలు ఆ మాట నమ్మి కూర్చున్నాను. అది నిజం కాదు. అక్కడ ఆప్టోమెట్రిస్టుగా లైసెన్సు కావాలంటే ఏసీఓఈ (అక్కడ ఆప్టోమెట్రీ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న స్కూల్లో ఓడీ, అంటే డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ డిగ్రీ ఉండాలి. ఎన్‌బీఈఓ అనే బోర్డు పరీక్షలు మూడు భాగాలుగా ఉంటాయి, చేత్తో చేసి చూపించే భాగం నార్త్ కరోలినాలోని షార్లెట్‌కి వెళ్ళి రాయాలి, కానీ అవి ఓడీ చదువుతూ రాసేవి. మన బీఆప్టం పట్టుకుని నేరుగా వెళ్ళి రాసేస్తే లైసెన్సు వచ్చే దారి లేదు. ఈ ఒక్క సంగతి ఎవరన్నా ముందే చెప్పుంటే నాకు డబ్బుతో పాటు ఒక అప్లికేషన్ సీజన్ మిగిలేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఓడీ మామూలుగా నాలుగేళ్ళు. బయట దేశాల్లో ఆప్టోమెట్రీ చదివినవాళ్ళని ముందు ఏళ్ళ చదువు కొంత లెక్కలోకి తీసుకుని తక్కువ కాలంలో పూర్తి చేయించే స్కూళ్ళు కూడా కొన్ని ఉన్నాయి. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ, ఫిలడెల్ఫియా పక్కన ఉన్న పెన్సిల్వేనియా కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఈ విషయంలో మనవాళ్ళకి బాగా తెలిసిన పేర్లు. ఇలా తక్కువ కాలంలో పూర్తి చేయించడాన్ని అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అంటారు. సీట్లు తక్కువ, ఏ ఏడాది నిబంధన ఆ ఏడాది చూసుకోవాలి. నేను రెండు రకాలకూ పెట్టాను.

ఇక కాగితాలు. నా టైములో సగం ఇక్కడే పోయింది.

మన మార్కుల లిస్టు చూపిస్తే సరిపోదు. వెస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) లాంటి సంస్థతో కోర్సు కోర్సుకూ విడివిడిగా మదింపు చేయించాలి. దానికి ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీయే సీలు వేసిన కవర్లో, అంటించిన చోట సంతకంతో, పంపాలి. మా యూనివర్సిటీలో మొదటిసారి నా అప్లికేషన్ ఏ టేబుల్ మీద ఆగిపోయిందో ఎవరికీ తెలియలేదు. పినాకినిలో వెళ్తే చెన్నైలో దిగేసరికి మధ్యాహ్నం అయిపోతుంది, కౌంటరు దగ్గరకి చేరేసరికి రేపు రండి అంటారు. రెండో ట్రిప్పు నుంచి ముందు రోజు రాత్రే వెళ్ళి స్నేహితురాలి ఇంట్లో పడుకుని, పొద్దున తలుపు తీసే వేళకి అక్కడ ఉన్నాను. మూడు ట్రిప్పులు పట్టింది.

దాని మీద పేరు గొడవ. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే, అదీ పేరు చివర. పాస్‌పోర్టులో మళ్ళీ ఇంకోలా. మన తెలుగువాళ్ళు తమిళనాడులో చదివితే చాలామందికి వచ్చే ఇబ్బందే ఇది. మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి, ప్రతి కవరుతో పాటు ఒక కాపీ పెట్టాను.

ఇంకోటి, ట్రాన్స్‌క్రిప్టులో మూడేళ్ళ మార్కులే వచ్చాయి. ఇంటర్న్‌షిప్ ఏడాదికి మార్కులుండవు కాబట్టి అది ఎక్కడా కనబడలేదు. కాలేజీని బతిమాలి ఏ క్లినిక్‌లో ఎన్ని గంటలు చేశానో రాయించుకున్న ఉత్తరం లేకపోతే నాది మూడేళ్ళ డిగ్రీలా కనబడేది. సిలబస్ కాపీ కూడా సీలు వేయించి తెచ్చుకోండి, అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌కి అడిగేది మార్కుల కంటే ముందు అదే. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెప్పారు, ల్యాబ్ ఉందా లేదా అని.

ల్యాబ్ అంటే గుర్తొచ్చింది, ఆర్గానిక్ కెమిస్ట్రీ. బీఆప్టంలో మనకి ఆప్టిక్స్, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ అన్నీ ఉంటాయి, నేను చదివిన సిలబస్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పేరుతో కోర్సు లేదు. నాలుగేళ్ళ ఓడీకి చాలా స్కూళ్ళు అది కావాలంటాయి. చివరికి ఒక అమెరికా యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు కట్టాను. క్లాసులు అర్థం కావడానికి మాత్రం తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకం మళ్ళీ తెరిచాను. మా తమ్ముడికి కెమిస్ట్రీ చెప్పిన సార్ ఒంగోలులోనే ఉన్నారు, ఆదివారాలు ఆయన దగ్గర కూర్చుని బెంజీన్ రింగు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆయన రూపాయి తీసుకోలేదు.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. ఆప్టోమెట్రీకి ప్రత్యేకంగా ఓఏటీ అని ఉంది, బయాలజీ, రెండు కెమిస్ట్రీలు, ఫిజిక్స్, రీడింగ్, లెక్కలు, 200 నుంచి 400 దాకా స్కోరు. నేను ఎంచుకున్న స్కూళ్ళు దానికి బదులు జీఆర్ఈ కూడా తీసుకుంటామన్నాయి కాబట్టి చెన్నై వెళ్ళి అది రాసొచ్చాను. టోఫెల్ కూడా. అప్లికేషన్లు మాత్రం అన్నిటికీ ఆప్టమ్‌క్యాస్ అనే ఒకే పోర్టల్. వేసవిలో తెరుస్తారు, వచ్చిన అప్లికేషన్లు వచ్చినట్టే చూస్తూ సీట్లు ఇచ్చుకుంటూ పోతారు, అందుకని చివరి తేదీ దాకా ఆగితే నష్టమే.

నన్ను నిజంగా కష్టపెట్టింది ఎస్సే. ఎందుకు ఆప్టోమెట్రీ అని 4,500 క్యారెక్టర్లలో, ఖాళీలతో సహా, రాయాలి. మొదటిసారి అందరూ రాసేదే రాశాను, చిన్నప్పటి నుంచి కళ్ళంటే ఇష్టం, సేవ చేయాలని ఉంది అని. చెన్నైలో నాకు క్లినిక్ నేర్పిన మేడంకి పంపాను, రికమెండేషన్ లెటర్ కూడా ఆవిడే ఇచ్చారు. ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "ఇందులో నువ్వు చూసిన పేషెంటు ఒక్కడన్నా ఉన్నాడామ్మా?"

లేడు. ఎనిమిదేళ్ళలో వేలమందిని చూసి, ఒక్కరి గురించీ రాయలేదు.

అప్పుడు చీమకుర్తి క్యాంపు గురించి రాశాను. అక్కడ గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు, కంట్లో రవ్వ పడిందని వచ్చేవాళ్ళు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. ఒకతను ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కన్నెర్రగా వాచి ఉంది, ఎప్పుడు పడింది అంటే మూడు రోజులైంది మేడం, పక్కన పనిచేసేవాడు అగ్గిపుల్ల కొసతో తీశాడు అన్నాడు. కంటిని పెద్దగా చేసి చూపించే స్లిట్‌ల్యాంప్‌లో పెట్టి చూస్తే నల్లగుడ్డు మీద తెల్లగా పుండు. అదేంటో నాకు తెలుసు, ఎంత తొందరగా మందు పడాలో తెలుసు. కానీ ఆ రోజు క్యాంపులో డాక్టరుగారు లేరు, నేను చేయగలిగింది ఒంగోలుకి చీటీ రాసి, ఇవాళే వెళ్ళు అన్నా అని చెప్పడం. కూలి పోతుందని అతను రెండు రోజులాగి వెళ్ళాడు. పుండు మానింది, చూపు మధ్యలో మచ్చ ఉండిపోయింది. అమెరికాలో అదే చదువు చదివినవాళ్ళు కంట్లో రవ్వ తీస్తారు, మందు రాస్తారు, మర్నాడు మళ్ళీ చూస్తారు. ఒక్లహోమా లాంటి కొన్ని రాష్ట్రాల్లో కొన్ని లేజర్ చికిత్సలు కూడా చేస్తారు.

ఇది చదివి మేడం ఇంకో ప్రశ్న వేశారు. అక్కడి లైసెన్సు చీమకుర్తిలో చెల్లదు కదా, మరి ఈ కథ ఎందుకు అని. రెండు రాత్రులు ఆలోచించాను. పుండు చూసి భయపడకుండా మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నేనే పట్టించుకోగలిగే చదువు నాకు కావాలి, ఆ తర్వాత ఏ దేశంలో ఉన్నా ఇక్కడ క్యాంపులు చేసే పిల్లలకి నేర్పగలను, ఇంతకంటే పెద్ద మాట నేను ఇవ్వలేను అని అదే రాశాను. ఆ పేరా తర్వాత ఒక్క అక్షరం మార్చలేదు.

ఇంటర్వ్యూ జూమ్‌లో, మన టైము రాత్రి పదకొండున్నరకి. అక్టోబరు ముసురు, సాయంత్రం నుంచి కరెంటు వచ్చిపోతూ ఉంది. ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుందేమోనని టెన్షన్, పక్కన రెండు ఫోన్లు హాట్‌స్పాట్ ఆన్ చేసి పెట్టుకున్నాను. ఇద్దరు ప్రొఫెసర్లు. సగంసేపు ఆ చీమకుర్తి పేషెంటు గురించే, ఏ మందు అనుకున్నావు, స్లిట్‌ల్యాంప్‌లో ఇంకేం చూశావు అని. చివర్లో ఒకావిడ అడిగింది, ఎనిమిదేళ్ళు చేసిన మనిషివి, ఇరవై రెండేళ్ళ పిల్లల పక్కన కూర్చుని రెటినోస్కోపు పట్టుకోవడం మొదటి నుంచి నేర్పిస్తే ఉండగలవా అని.

వెంటనే ఉండగలను అనలేకపోయాను. నిజానికి ఆ మాటే చాలా రోజులుగా లోపల గుచ్చుతోంది. నాన్న కూడా అదే అడిగాడు, "ఏందమ్మా, ఇన్నేళ్ళు కళ్ళు చూశావు గదా, మళ్ళీ ఫస్టియరా?" అని. ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పాను. రెటినోస్కోపు దగ్గర నాకు విసుగు రావచ్చు, కానీ ఫార్మకాలజీలో, కంటి జబ్బుల క్లాసులో నేను ఆ పిల్లలకంటే వెనకే ఉంటాను, నాకు ఆ నాలుగేళ్ళు అవసరమే అని. చెప్పాక నాకే తేలికైంది.

అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌కి పెట్టిన రెండింటిలో ఒకటి కాదంది, ఇంకోటి వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది. ఇంటర్వ్యూ చేసిన స్కూల్లో నాలుగేళ్ళ సీటు డిసెంబరులో వచ్చింది. వెయిట్‌లిస్ట్ కోసం ఆగమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, ఒక ఏడాదో రెండేళ్ళో కలిసొస్తుంది కదా అని. ఇంటర్వ్యూలో నా నోటితో నేనన్న మాట గుర్తొచ్చి ఆగలేదు, డిపాజిట్ కట్టేశాను.

డబ్బు సంగతి చిన్నది కాదు. ప్రైవేటు స్కూళ్ళలో ఏడాది ఫీజే 40,000 డాలర్లు దాటుతుంది, ఖర్చులు వేరే. నా సేవింగ్స్ కొంత, స్కూలు ఇచ్చిన స్కాలర్‌షిప్ కొంత, మిగతాది బ్యాంకు లోను. లోనుకి పొలం పెట్టాం. ఆ రోజు నాన్న టంగుటూరు వేలం నుంచి నేరుగా బ్యాంకుకొచ్చాడు, చొక్కాకి ఇంకా పొగాకు వాసన. సంతకాలన్నీ పెట్టి బయటికొచ్చాక, నాలుగేళ్ళేగా, ఎంతలో తిరుగుతాయి అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

వచ్చే నెల హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూ. యూనివర్సిటీలో మూడోసారి వెళ్ళినప్పుడు కవర్లు ఐదు తీసుకున్నాను, మీరూ అవసరమైన దానికంటే ఎక్కువే తీసుకోండి. అందులో రెండు ఇంకా సీలు విప్పకుండా ఉన్నాయి. పొలం కాగితాలు బ్యాంకుకి వెళ్ళాక బీరువాలో ఖాళీ అయిన అరలో పెట్టాను. ఒకటి నాతో తీసుకెళ్తాను, రెండోది ఎప్పుడు ఎవరడిగినా పంపేదాకా చించొద్దని అమ్మకి చెప్పాను.