పెళ్ళికి రాజాజ్ఞ: జూలూ రాజ్యం నిలబడ్డ తీరు, చీలిన తీరు

దక్షిణాఫ్రికాలోని జూలూ సైన్యం అనగానే చాలామంది, ఆ రాజ్యాన్ని కట్టిన రాజు షాకా పొట్టి బల్లెం దగ్గరే ఆగిపోతారు. ఆ బల్లెం, ఎద్దు కొమ్ముల వ్యూహం (మధ్య దళమైన 'రొమ్ము' ఎదురుగా పోరాడుతుంటే, రెండు పక్కల 'కొమ్ములు' శత్రువును చుట్టేయడం) గొప్పవే. కానీ ఆ సైనికులు ఎవరు, ఏళ్ళ తరబడి రాజు మాట ఎందుకు విన్నారు అన్నది తెలియకపోతే 1879 నుంచి 1884 దాకా ఆ నేల మీద జరిగిన ఘోరం అర్థం కాదు.

అన్నిటికీ మూలం ఇబుథో. ఒకే ఈడు కుర్రాళ్ళను రాజ్యం నలుమూలల నుంచీ పోగుచేసి, ఒక పేరు పెట్టి కట్టిన దళం అది. బహువచనంలో అమాబుథో అంటారు. కుర్రాడు ఏ పెద్ద కింద పుట్టినా, దళంలో చేరాక రాజు మనిషే. ఇఖండా అనే రాజ శిబిరంలో కొంతకాలం ఉండి రాజు పశువులు కాయాలి, పొలాలు తవ్వాలి, ఇళ్ళు కట్టాలి, యుద్ధం వస్తే డాలు పట్టాలి. ఆ డాలుకు తోలు కూడా రాజు మందదే.

అసలు పట్టు పెళ్ళి దగ్గరుంది. రాజు అనుమతిస్తేనే దళం మొత్తం పెళ్ళాడి, తలకు ఇసికోకో అనే చుట్టు పెట్టుకునేది. ఆ అనుమతి వచ్చేసరికి మగవాళ్ళకు తరచుగా ముప్పై అయిదు దాటేవి. పెళ్ళయితే మనిషి సొంత ఇల్లు కట్టుకుంటాడు, కష్టం సొంత ఇంటికి పోతుంది. కాబట్టి పెళ్ళిని వాయిదా వేసిన ఒక్కో ఏడూ రాజుకు దక్కిన శ్రమే. ఇందులో క్రూరత్వమూ ఉంది. 1876లో ఇంగ్చుగ్చే అనే ఆడపిల్లల దళాన్ని పెద్దవయసు మగవాళ్ళను చేసుకోమన్నప్పుడు, మనసు వేరేచోట ఉన్న పిల్లలు ఎదురు తిరిగారు. కొందరిని చంపేశారు.

1878 డిసెంబరు 11న దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ హై కమిషనర్ సర్ బార్టల్ ఫ్రెరె జూలూ రాజు సెట్ష్వాయోకు పంపిన తాఖీదును ఈ వెలుగులోనే చదవాలి. పశువుల జరిమానా ఎలాగోలా కట్టవచ్చు. అమాబుథోను రద్దు చేయాలి, యువకులు ఇష్టం వచ్చినప్పుడు పెళ్ళాడాలి అన్న షరతుకు ఒప్పుకుంటే మాత్రం సెట్ష్వాయో దగ్గర సైన్యం, కూలి, అధికారం మూడూ మిగలవు. అంత షరతుకు ఇచ్చిన గడువు 30 రోజులు. ఒప్పుకోలేరని తెలిసే పెట్టారనే నా అభిప్రాయం.

1879 జనవరి 22న ఇసాండ్ల్వానాలో జూలూ సేనాని ఎన్చింగ్వాయో నడిపిన సుమారు 20,000 మంది, బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టారు. రొమ్ము భాగం ఎదురుగా కాల్పుల్ని భరిస్తుంటే, కుడి కొమ్ము కొండ వెనక నుంచి చుట్టి వచ్చి బ్రిటిష్ స్థావరం రోర్క్స్ డ్రిఫ్ట్‌కు పోయే దారిని మూసేసింది. కానీ ఇది జీతపు సైన్యం కాదు. మనిషిని చంపినవాడు శుద్ధి చేసుకోవాలి, గాయపడ్డవాణ్ణి ఇంటికి చేర్చాలి. అందరూ చెదిరిపోయారు. ఆ గెలుపును వెంటనే ముందుకు తోసే సైన్యం రాజు చేతిలో లేకపోయింది.

మార్చి 29న కంబులాలోని బ్రిటిష్ శిబిరం దగ్గర వ్యూహమే గాడి తప్పింది. బ్రిటిష్ గుర్రపు దళం వచ్చి కవ్విస్తే కుడి కొమ్ము ఒంటరిగా ముందే దూకింది. రొమ్ము, ఎడమ కొమ్ము వచ్చేలోపు దాన్ని తుపాకులు విరగ్గొట్టాయి. అన్ని వైపులా ఒకేసారి మూసుకోకపోతే ఆ వ్యూహానికి బలం లేదు. జూలై 4న రాజధాని ఉలుండి దగ్గర అరగంట పైచిలుకులో జూలూలు ఓడిపోయి యుద్ధం ముగిసింది.

రాజ్యం మాత్రం ముగియలేదు. దాన్ని ముక్కలు చేసింది బ్రిటిష్ సేనాని వూల్స్లీ ఏర్పాటు: సెట్ష్వాయోను బ్రిటిష్ వలస కేప్‌కు బందీగా పంపి, దేశాన్ని 13 మంది పెద్దలకు పంచడం. వారిలో జిబేబు ఒకడు. ఇతని మాండ్లకాజీ వర్గం, 1856లో ఎన్డొండాకుసుకా దగ్గర అన్నదమ్ములు సింహాసనానికి కొట్టుకున్నప్పుడు సెట్ష్వాయో పక్షాన నిలబడింది. ఇసాండ్ల్వానాలో వేగులను నడిపిందీ జిబేబే. అలాంటివాడు పంపకం తర్వాత రాజు పక్షమైన ఉసుథు వాళ్ళ పశువులు లాక్కోసాగాడు.

సెట్ష్వాయో లండన్ వెళ్ళి విక్టోరియా రాణిని కలిసి, 1883 జనవరిలో తిరిగొచ్చాడు. కానీ అమాబుథోను మళ్ళీ కట్టకూడదన్న షరతుతో, తగ్గిన నేలతో! జిబేబు తన ప్రాంతంతో పాటు సైన్యాన్నీ నిలుపుకున్నాడు. జూలై 21 తెల్లవారుజామున సెట్ష్వాయో రాజధాని ఓన్డినీ మీద పడ్డాడు. పరుగెత్తలేని వృద్ధ నాయకులెందరో అక్కడ చనిపోయారు. ఇసాండ్ల్వానా గెలిచిన ఎన్చింగ్వాయో వారిలో ఒకడు. ఉలుండిలో బ్రిటిష్ ఫిరంగులు కూడా నాయకత్వాన్ని ఇంతగా తుడిచెయ్యలేదు.

గాయపడిన రాజు 1884 ఫిబ్రవరి 8న ఎషోవేలో మరణించాడు. కొడుకు దినుజులు, బోయర్లను (డచ్ సంతతి తెల్ల రైతులను) సాయం పిలిచి, జూన్ 5న ట్షనేనీలో జిబేబును ఓడించాడు. సాయానికి కూలిగా బోయర్లు అడిగింది భూమి. ఆ భూమిలో న్యూ రిపబ్లిక్ అని సొంత రాజ్యం పెట్టుకున్నారు. మిగిలిన ప్రాంతాన్ని 1887లో బ్రిటన్ కలిపేసుకుంది.