నైరోబీ, జర్మనీ బడులతో ఆన్‌లైన్ ప్రాజెక్టు: మా బెంగళూరు క్లాసు అనుభవం

మారతహళ్లి దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ ప్రాజెక్టు నడిపాం. అవతల నైరోబీలో ఒక బడి, జర్మనీలో ఒక బడి. ఇలాంటిది తలపెట్టిన టీచర్లు మొట్టమొదట అడిగేది ఏ యాప్ వాడాలని. దాన్ని ఆఖర్న తేల్చుకోవచ్చు. ముందు తేలాల్సింది క్యాలెండరు.

మనకు జూన్‌లో బడులు తెరిచేసరికి జర్మనీలో వేసవి సెలవులు దగ్గరపడతాయి, అవీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన. కెన్యాలో చదువుల ఏడాది జనవరిలో మొదలవుతుంది. అక్కడ ఆగస్టులో కొన్నాళ్లు, నవంబరు డిసెంబర్లలో పెద్ద సెలవులు. అక్టోబరులో మనకు దసరా, మార్చిలో పరీక్షలు. మూడు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి సెలవులు కొట్టేసుకుంటూ పోతే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మిగిలింది. పనంతా ఆ ఆరు వారాల్లోకే సర్దాం.

తర్వాత గడియారం. మన మధ్యాహ్నం 1:30 అంటే నైరోబీలో 11:00, జర్మనీలో చలికాలంలో ఉదయం 9:00. మూడు చోట్లా బడి వేళే కాబట్టి ఎవరూ ఇంటి నుంచి ఫోన్లో చేరక్కర్లేదు. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మనకూ కెన్యాకూ ఆ పద్ధతి లేదు. ఆ వారాల్లో కాల్ పెట్టుకుంటే ఒక క్లాసు గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చుంటుంది. ఆహ్వానంలో 8:00 యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) అని రాసి, కింద మూడు ఊళ్ల సమయాలూ వేస్తే గొడవ ఉండదు.

అనుమతి పత్రాలకు రెండు వారాలు వదలండి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. మా పత్రాన్ని కన్నడం, ఇంగ్లీషు, తెలుగు మూడింట్లోనూ అచ్చు వేశాం. ఫొటోకు, గొంతుకు, రికార్డింగుకు వేర్వేరు గడులు పెట్టాం. అన్నిటికీ కలిపి ఒకే సంతకం అడిగితే, ఫొటో ఒక్కటే వద్దనుకునే తల్లి మొత్తానికే వద్దంటుంది.

ఇక విషయం. పరిచయాలతో, పండగలతో మొదలుపెడితే రెండో వారానికి మాటలు అయిపోతాయి. పిల్లలు కొలిచి చెప్పగలిగేది ఏదైనా కావాలి. మేం తీసుకున్న ప్రశ్న: మీ కుళాయిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? బెంగళూరుకు కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించాలి. నైరోబీకి ఎక్కువ నీళ్లిచ్చే ఎన్‌డకైని డ్యామ్ నగరం కంటే ఎత్తులో ఉంది, చాలామటుకు వాలులోనే దిగివస్తాయి. జర్మనీలో తాగునీటిలో ఎక్కువ భాగం భూగర్భజలం. మన పిల్లలు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్నను అడిగి, సంప్‌లో ఎన్ని ట్యాంకర్లు దిగాయో, బోరు ఎన్ని గంటలు నడిచిందో రాసుకొచ్చారు. ఆ వివరాలు చూసిన నైరోబీ పిల్లలు వెంటనే అడిగింది ట్యాంకరు ధర గురించి. అసలు సంభాషణ అక్కడే మొదలైంది.

అందరికీ ఒకే కొలత: లీటరు సీసా నిండటానికి ఎన్ని సెకన్లు, పళ్లు తోముకోవడానికి ఎన్ని నీళ్లు. ఇక్కడొక చిక్కుంది. జర్మనీలో మూడున్నరను 3,5 అని కామాతో రాస్తారు. మూడు బడులూ కలిసి లెక్కలు నింపే మన స్ప్రెడ్‌షీటు దాన్ని దశాంశంగా తీసుకోదు, సగటు తప్పుతుంది. నీళ్ల కొలతలన్నీ మిల్లీలీటర్లలో రాయమన్నాం, 3500 అంటే ఎక్కడైనా 3500 కదా. తేదీలో నెలను అక్షరాల్లో రాయించాం.

లైవ్ కాల్స్ తక్కువే పెట్టాం. ఆరు వారాల్లో మూడు చాలు, మిగతాదంతా షీటు, చిన్న వీడియోలు. ఒక్కో వీడియో 90 సెకన్లు దాటొద్దు, లేకపోతే అవతల ఎవరూ చివరిదాకా చూడరు. జూమ్ ఉచిత ఖాతాలో కాల్ 40 నిమిషాలకు తెగిపోతుంది కాబట్టి 35 నిమిషాలకే లెక్క వేసుకున్నాం: పలకరింపులకు 5, లెక్కలు చూపడానికి 15, మిగతాదంతా ప్రశ్నలకు. ప్రశ్నలు ముందురోజే పంపాలి. యాస కొత్తగా ఉన్నప్పుడు చేతిలో కాగితం ఉంటే పిల్లలు బెదరరు.

గదిలో రెండు ల్యాప్‌టాప్‌ల మైకులు తెరిచి ఉంటే ఒకదాని స్పీకరు మాట ఇంకోదాని మైకులోకి వెళ్లి కీచుమంటుంది. ఒకే మైకు, ఒకే స్పీకరు ఉంచి మిగతావి ఆడియో లేకుండా కలపాలి. మైకు నెత్తిన ఉన్న ఫ్యాను ఆపాలి. కిటికీ పిల్లల వెనక ఉంటే ముఖాలు నల్లగా కనిపిస్తాయి, బెంచీలు తిప్పేయండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ రౌటరు ఆగిపోతుంది, అందుకే యూపీఎస్ దానికి ఇవ్వండి. ఫోను హాట్‌స్పాట్ కూడా ముందే కలిపి చూసుకోవాలి.

ఫిబ్రవరి చివర్లో రికార్డింగులన్నీ చెరిపేసి, పిల్లల పేర్లు తీసేసిన షీటును మాత్రం మూడు బడులూ ఉంచుకున్నాం. వచ్చే ఏడాది పిల్లలు అదే షీటులో కింది వరుస నుంచి నింపుతారు.