నంబర్ సిస్టమ్: నేను వారం రోజులు పట్టుకు కూర్చున్న 7,20,720

నంబర్ సిస్టమ్ అంటే నాకు మొదట్లో చిరాకు. సూత్రాలన్నీ నోటికొచ్చు, మాక్ టెస్టులో మాత్రం తప్పులే. ఓసారి వచ్చిన ప్రశ్న ఇది: 7,20,720కి సరి సంఖ్యలైన కారణాంకాలు ఎన్ని? మొత్తం కారణాంకాలు 240 అని టకటకా తేల్చేశాను. సగం సరి, సగం బేసి అనుకుని 120 పెట్టేశాను. ఆప్షన్లలో 120 ఉంది మరి! మనం ఎక్కడ జారిపడతామో ప్రశ్న రాసేవాళ్లకు బాగా తెలుసు. నెగెటివ్ మార్కు పడింది.

ఆ రాత్రి ఆ సంఖ్యనే నోట్‌బుక్‌లో పేజీ పైన రాసుకుని కూర్చున్నాను. 720ని పక్కపక్కన రెండుసార్లు రాసినట్టుంది కదా, అంటే 720 × 1001. మూడంకెలు అలా రిపీట్ అయిన ప్రతి సంఖ్యనూ 1001 భాగిస్తుంది. 1001 అంటే 7 × 11 × 13. దాన్ని ప్రధాన సంఖ్య అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది, నాతో సహా. 720ని కూడా విడగొడితే మొత్తం 2⁴ × 3² × 5 × 7 × 11 × 13. ఘాతాంకాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. బేసి కారణాంకం కావాలంటే 2ని అసలు ముట్టుకోకూడదు. కాబట్టి మొదటి 5 స్థానంలో 1 వేస్తే 48. మిగిలిన 192 సరివి. సగం సగం రావాలంటే విభజనలో 2 ఒక్కసారే ఉండాలి, ఇక్కడ నాలుగుసార్లు ఉంది.

తర్వాత వారమంతా కొత్త సంఖ్య జోలికి పోలేదు. దేంతో గుణిస్తే ఇది వర్గ సంఖ్య అవుతుంది? తొందరలో 1001 అని రాసి, 5ని మర్చిపోయాను. జవాబు 5005. వర్గ సంఖ్యలైన కారణాంకాలు ఆరే: 1, 4, 9, 16, 36, 144. కారణాంకాల మొత్తం 32,49,792. అది ఒకసారి చేసి వదిలేశాను, అంత గుణకారం పరీక్షలో అడగరు. బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం, దీన్ని వీలైనంత దగ్గరగా ఉండే రెండు సంఖ్యల లబ్ధంగా రాయడం. వర్గమూలం 849కి కాస్త తక్కువ. 848 నుంచి ఒక్కొక్కటే దిగుతూ వచ్చాను. 847 ఆశపెట్టింది, కానీ అందులో 11 రెండుసార్లుంది, మన దగ్గర ఒక్కటే. 845లో 13తో అదే గొడవ. చివరికి 840 × 858 దగ్గర ఆగింది.

1 నుంచి 16 వరకు అన్నింటి క.సా.గు. కూడా ఇదే. కాబట్టి 7,20,721ని 2 నుంచి 16 వరకు దేంతో భాగించినా శేషం 1. అయితే అది ప్రధాన సంఖ్యేనా? 17తో మొదలుపెట్టి 37 దాకా చూసి, చాల్లే, ప్రధానమే అని రాసేశాను. మర్నాడు అనుమానమొచ్చి మళ్లీ మొదలుపెడితే 67 దాకా ఏదీ పోలేదు. 71తో పోయింది: 71 × 10,151.