పాత షింగిల్స్ తీసి కొత్త కప్పు: పని ఎంతవరకు వచ్చిందంటే

మొదటి శనివారం

పైకెక్కే ముందు చూరు కింద గట్టర్ శుభ్రం చేశాను. ఆకులకన్నా ఎక్కువగా ఇసుకలాంటి నల్లటి పలుకులు వచ్చాయి, దోసిళ్లకొద్దీ. అవన్నీ షింగిల్స్ మీద అతుక్కుని ఉండాల్సినవి. షింగిల్ అంటే గ్లాస్ ఫైబర్ చాపకు తారు పట్టించి, పైన ఈ రాతి పలుకులు అద్దిన పలక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తారుకు తగలకుండా కాచేవి ఈ పలుకులే. అవి రాలిపోయిన చోట తారు ఎండి, పెళుసెక్కి, పగులుతుంది. కొత్త కప్పు మీద మొదటి వానలకు కొన్ని రాలడం మామూలే. పాత కప్పు నుంచి ఇన్ని వస్తే మాత్రం దాని కాలం తీరినట్టే.

పైన ఎండ బాగా తగిలే వాలులో షింగిల్స్ అంచులు పైకి లేచి ఉన్నాయి. నీడ వాలులో నల్లటి చారలు. చాలామంది ఈ చారలు చూసి భయపడి కప్పు మార్చేస్తారు. అది నాచులాంటి సూక్ష్మజీవి, షింగిల్‌లో కలిపే సున్నపురాయి పొడి మీద పెరుగుతుంది. చూడ్డానికి బాగుండదు తప్ప నీళ్లు కారడానికి అది కారణం కాదు. ప్రెషర్ వాషర్ పెట్టి కడిగితే మాత్రం మిగిలిన పలుకులు కూడా పోతాయి, ఆ పని చేయకండి.

పక్క అంచు దగ్గర ఒక షింగిల్ ఎత్తి చూస్తే కింద ఇంకో వరస కనబడింది. అంటే ఇంతకుముందు ఎవరో పాతవి తీయకుండా వాటిమీదే కొత్తవి కొట్టారు. రెండు పొరలున్న కప్పు మీద మూడో పొర వేయకూడదు. బరువు పెరుగుతుంది, మేకు చెక్కదాకా సరిగా దిగదు, కింద చెక్క ఎలా ఉందో ఎప్పటికీ తెలియదు. కాబట్టి మొత్తం తీసేయాల్సిందేనని ఆరోజే తేలిపోయింది. బాగా పాత ఇళ్ల కప్పుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది గనక ఒక ముక్క పరీక్షకు పంపాను. లేదని జవాబు వచ్చాకే తీయడం మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాను.

అటకలోకి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. మేకుల మొనలన్నీ తుప్పు. ప్లైవుడ్ అక్కడక్కడా నల్లబడింది. చూరు కింద గాలి రావడానికి పెట్టిన రంధ్రాల మీదికి ఎవరో ఇన్సులేషన్ దూది తోసేసి పూర్తిగా మూసేశారు. వడ్రంగం పనిలో ఏళ్లతరబడి ఉన్న బాబాయ్ టార్చి వేసి చూసి ఒకే మాట అన్నాడు: "ఒరేయ్, ఈ కప్పు ఎండకి పోలేదురా, కిందనుంచి ఉడికిపోయింది."

ఆ మాట నా ఆలోచననే మార్చేసింది. అప్పటిదాకా ఏ రంగు, ఏ రకం అని కేటలాగులు తిరగేస్తున్నాను. పైన ఏం వేసినా అటకలో గాలి ఆడకపోతే దానికీ ఇదే గతి.

రెండో వారం: కొలతలు

వాలు కొలవడానికి రసమట్టం, టేపు చాలు. మట్టం ఒక కొస కప్పుకు ఆనించి, బుడగ మధ్యకొచ్చేదాకా రెండో కొస ఎత్తి, 12 అంగుళాల గుర్తు దగ్గర కప్పుదాకా నిలువుగా కొలవాలి. మాది 6 అంగుళాలు వచ్చింది, అంటే 12కి 6 వాలు. వెనక పోర్చ్ కప్పు మాత్రం 12కి 2. ఈ ఒక్క అంకె దగ్గరే సగం నిర్ణయం జరిగిపోతుంది. తారు షింగిల్స్ 12కి 4 అంతకన్నా ఎక్కువ వాలు మీద హాయిగా పనిచేస్తాయి. 4కీ 2కీ మధ్య వేయాలంటే కింద రెండు పొరల అండర్‌లేమెంట్ (షింగిల్స్ కింద చెక్క మీద పరిచే, నీళ్లు దిగనివ్వని పొర) పరవాలి. 2కన్నా తక్కువైతే అసలు వేయకూడదు. నీళ్లు నెమ్మదిగా జారే చోట గాలికి వెనక్కి తోసుకుని షింగిల్ కిందికి పోతాయి. మా పోర్చ్ సరిగ్గా ఆ చివరి హద్దు మీద ఉంది, దాని కింద గోడకు మరకలు ఎందుకు పడ్డాయో కొంత అర్థమైంది.

విస్తీర్ణం లెక్క: చూరులతో కలిపి పైనుంచి చూస్తే 40 అడుగులు, 30 అడుగులు, అంటే 1200 చదరపు అడుగులు. కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి దీన్ని 1.118తో గుణించాలి (12కి 6 వాలుకు ఇదీ గుణకం, 12కి 4 అయితే 1.054, 12కి 8 అయితే 1.202). 1342 చదరపు అడుగులు వచ్చింది. కోతలకు, వృథాకు పది శాతం కలిపితే 1476. షింగిల్స్ లెక్కలో వంద చదరపు అడుగులను ఒక స్క్వేర్ అంటారు. మాకు 15 స్క్వేర్లు, స్క్వేర్‌కు మూడు కట్టలు చొప్పున 45 కట్టలు. నడికొప్పు మీద వేసేవీ, చూరు అంచున మొదటి వరసకు వేసే స్టార్టర్ పట్టీలూ వేరు.

గాలి లెక్క: అటక నేల 37 అడుగులు, 27 అడుగులు, దాదాపు 1000 చదరపు అడుగులు. కింద నుంచి గాలి లోపలికి వచ్చి పైనుంచి పోయే ఏర్పాటు సమంగా ఉంటే నేల విస్తీర్ణంలో 300వ వంతు తెరపి కావాలి. 3.33 చదరపు అడుగులు, అంటే 480 చదరపు అంగుళాలు. అందులో సగం చూరు కింద, సగం కొప్పు దగ్గర. చూరు వైపు తెరపి కొప్పు వైపుకన్నా తక్కువ ఉండకూడదు, ఉంటే కొప్పు ఇంట్లోని గాలినే పైకి లాగుతుంది. ఇంకో సంగతి, కొప్పు పొడవునా వెంట్ పెడితే పక్కగోడల పైభాగంలో ఉన్న పాత జాలీలు మూసేయాలి. లేకపోతే గాలి దగ్గరి దారి చూసుకుని ఆ జాలీ నుంచి వచ్చి కొప్పు నుంచి పోతుంది, చూరు దగ్గర ఉన్న వేడి అక్కడే ఉండిపోతుంది.

మూడో వారం: ఏం వేయాలి

ఇక్కడే ఎక్కువ రోజులు ఆగిపోయాను.

మట్టి పెంకులంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. కానీ చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు తూగుతాయి. మా 125 చదరపు మీటర్ల కప్పుకు ఆరు టన్నుల పైమాటే. బరువైన రకం షింగిల్స్ అయితే మొత్తం టన్నున్నర. ఇప్పటి వాసాలు షింగిల్స్ కోసం వేసినవి, పెంకులు ఎక్కించాలంటే ముందు ఇంజనీరు చేత లెక్క కట్టించి వాసాలు బలపరచాలి. పలకరాతి కప్పుదీ అదే కథ. ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను.

తర్వాత నిలువు మడతల స్టీలు రేకు, స్టాండింగ్ సీమ్ అంటారు. మనసు దీనిమీదే ఉండేది. తేలిక, మొత్తం ఆరేడు వందల కిలోలు. స్క్రూలు పైకి కనబడవు, మడతలో దాగిన క్లిప్పులు రేకును పట్టుకుంటాయి. రేకు ఎండకు సాగి, చలికి ముడుచుకుంటుంది కాబట్టి ఆ క్లిప్పులు అవసరం. మా కప్పు మీద కొప్పు నుంచి చూరుదాకా 17 అడుగుల రేకు, 60 డిగ్రీల తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు కదులుతుంది. అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. పైనుంచే రబ్బరు వాషర్ స్క్రూలు బిగించే చవక రకంలో ఈ కదలికకు స్క్రూ రంధ్రాలు వదులవుతాయి, వాషర్లు కొన్నేళ్లకు ఎండి పగులుతాయి. రేకు మీద వాన చప్పుడు గురించి అందరూ అడుగుతారు. ఖాళీ పట్టీల మీద వేస్తే మోత నిజమే. ప్లైవుడ్, అండర్‌లేమెంట్, ఇన్సులేషన్ అన్నీ ఉన్న ఇంట్లో అంత తేడా ఉండదు.

మరి ఎందుకు వెనక్కి తగ్గానంటే, పొగగొట్టం, రెండు పైపులు, ఇద్దరే మనుషులం. 17 అడుగుల రేకును గాలిలో పట్టుకుని ఆ అడ్డంకుల చుట్టూ కత్తిరించి మడవడం చేయి తిరిగినవాళ్ల పని. షింగిల్స్‌లో తప్పు చేస్తే ఒక పలక తీసి ఇంకోటి వేస్తాను. రేకులో తప్పు చేస్తే మొత్తం రేకు పోతుంది.

చివరికి రెండూ ఎంచుకున్నాను. పెద్ద కప్పుకు రెండు పొరలు అతికిన లామినేటెడ్ షింగిల్స్. పోర్చ్‌కు, అది అడ్డంకుల్లేని 12 అడుగులు, 8 అడుగుల చిన్న ముక్క కాబట్టి, స్టాండింగ్ సీమ్. తక్కువ వాలుకు నొక్కితే బిగుసుకునే రకం కాకుండా, సాధనంతో మడిచి బిగించే రకమే తీసుకోవాలి. మూడు రెక్కల పల్చటి షింగిల్స్ చవకే గానీ గాలికి ముందు లేచేవి అవే, వాటి జోలికి పోలేదు. వడగళ్లు పడే చోట ఉన్నవాళ్లు క్లాస్ 4 అని రాసి ఉన్నవి చూడండి. ఆ పరీక్షలో రెండు అంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు పడేస్తారు, షింగిల్ పగలకూడదు. రంగు లేతది తీసుకున్నాం, వేడి తక్కువ పీలుస్తుందని. వారంటీ కాగితం మాత్రం మొత్తం చదవండి. అటకలో గాలి సరిగా ఆడకపోతే వారంటీ వర్తించదని చాలావాటిలో రాసి ఉంటుంది.

అయిదో వారం: విప్పడం

వాన లేని మూడు రోజులు చూసుకుని మొదలుపెట్టాం. ఒకసారి ఒక వాలు మాత్రమే విప్పాలి, టార్పాలిన్ పైనే సిద్ధంగా ఉంచాలి. ఇద్దరం ఒంటినిండా పట్టీలుండే హార్నెస్ వేసుకుని, దానికి తాడు కట్టుకున్నాం. తాడు కొక్కెం ప్లైవుడ్‌కు కాదు, వాసానికి దిగేలా బిగించాలి. కొప్పు నుంచి కిందికి పారతో లేపుకుంటూ వచ్చాం.

పొగగొట్టం దగ్గర మూడు ప్లైవుడ్ పలకలు స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయేంత మెత్తబడ్డాయి. అక్కడ ఫ్లాషింగ్, అంటే కప్పు గొట్టాన్ని కలిసే చోట నీళ్లు దిగకుండా వేసే రేకు, పేరుకే ఉంది. ఎవరో దానిమీద తారు పూసి వదిలేశారు, ఆ తారు పగిలి నీళ్లు దారి చూసుకున్నాయి. ఇన్నేళ్లూ గదిలో మరక పడ్డప్పుడల్లా షింగిల్స్‌ను నిందించాం, తప్పు ఈ కీలుది. కొత్త పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి, అంచుల్లో ఆరంగుళాలకో మేకు కొట్టాం.

ఆరు, ఏడు వారాలు

డ్రిప్ ఎడ్జ్ అంటే నీరు చెక్క మీదికి పోకుండా బయటికి జారేలా కప్పు అంచుకు వేసే మడత రేకు, దాని వరస తప్పకూడదు. చూరు అంచున ముందు డ్రిప్ ఎడ్జ్, దానిమీదికి అండర్‌లేమెంట్. పక్క అంచుల్లో ముందు అండర్‌లేమెంట్, దానిమీద డ్రిప్ ఎడ్జ్. పైనుంచి వచ్చే నీరు ప్రతిచోటా కింది పొర మీదికే జారాలి, వెనక్కి పోయే దారి ఉండకూడదు.

పొగగొట్టం పక్కల ప్రతి షింగిల్ వరసకూ ఒక ఎల్ ఆకారపు రేకు ముక్క వేశాం, మెట్లలా. దానిమీద ఇటుకల సందులో అంగుళం లోతు గాడి కోసి పై రేకు దించాం. గొట్టం వెడల్పు 30 అంగుళాలు దాటితే వెనకవైపు నీరు చీలిపోయేలా చిన్న గూడు కప్పు కట్టాలి. మాది 24, అవసరం పడలేదు. పాత ఫ్లాషింగ్ మళ్లీ వాడొద్దు.

ఒక పొరపాటు రాయాలి. గాలి ఒత్తిడితో మేకులు కొట్టే గన్ ఒత్తిడి సరిచూడకుండా మొదటి నాలుగు వరసలు కొట్టేశాను. మేకు తల షింగిల్‌ను కోసుకుని లోపలికి దిగిపోయింది. అలాంటి మేకు పట్టుకున్నట్టే ఉంటుంది, పెద్దగాలికి షింగిల్ దాన్ని దాటుకుని ఊడొస్తుంది. బాబాయ్ ఏమీ అనకుండా కూర్చుని అన్నీ పీకడం మొదలుపెట్టాడు, నేనూ కూర్చున్నాను. మర్నాడు ఒక పాత చెక్కముక్క మీద పది మేకులు కొట్టి ఒత్తిడి సరిచేసుకున్నాకే పైకెక్కాం. తల షింగిల్‌కు సమంగా, నిటారుగా, కంపెనీ గీసిన గీత మీదే పడాలి. పలకకు నాలుగు మేకులు సరిపోతాయి, గాలి ఎక్కువుండే చోట ఆరు. మేము ఆరు కొట్టాం. మొన ప్లైవుడ్‌లోకి ముప్పావు అంగుళం దిగాలి, ప్లైవుడ్ అంతకన్నా పల్చగా ఉంటే అవతలికి రావాలి.

చూరు కింద రంధ్రాల దగ్గర దూది వెనక్కి తీసి, వాసాల మధ్య గాలి దారికి ప్లాస్టిక్ తొట్లు బిగించాను. కొప్పు మీద వెంట్ పెట్టాం, పక్కగోడ జాలీలు లోపలినుంచి మూశాం.

ఇప్పటికి ఇంతవరకు

నిన్న రాత్రి పెద్ద వాన. టార్చి తీసుకుని అటకెక్కి పొగగొట్టం చుట్టూ చేత్తో తడిమి చూశాను, పొడిగా ఉంది. అటక గాలి కూడా మునుపటిలా ముఖానికి కొట్టడం లేదు.

పోర్చ్ రేకులు వచ్చేశాయి. పాత షింగిల్స్ తీసి, అతుక్కునే పొర మొత్తం పరిచాం. గోడ మీద పైఅంచు ఫ్లాషింగ్ మిగిలింది. అది గోడ పలకల వెనక్కి వెళ్లాలి, పైన అతికించి సీలెంట్ పూస్తే సరిపోదు. అందుకని వచ్చే శనివారం కింది రెండు వరసల గోడ పలకలు విప్పుతున్నాం.