అమ్మ మోకాళ్లకు తగ్గ చెరువు నడక

అమ్మకు అరవై ఆరేళ్లు. మోకాళ్లు అరిగాయి, మెట్లు తగ్గించండి, చదునైన చోట నడక మాత్రం మానొద్దు అన్నారు డాక్టర్. ఏడాదిగా హైదరాబాద్ మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ చుట్టూనే తిరుగుతోంది. అక్టోబర్‌లో ఒకరోజు "ఎక్కడన్నా చెరువు కాడికి తీసుకపో బిడ్డా, ఈ కార్ల మధ్య నడవబుద్ధయితలేదు" అంది. ఆ మాట నా మనసులో అట్లాగే ఉండిపోయింది.

మాకు దగ్గర్లో ఉన్నది అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరాన్ని ఆనుకుని ఉన్న చెరువుకు మన దేశంలో అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఫోన్‌లో మ్యాప్ తీసి చెరువు చుట్టూ గీత గీసుకున్నాను. ప్లాన్ అయిపోయింది అనుకున్నాను.

అమ్మను తీసుకెళ్లే ముందు ఒకసారి చూసొద్దామని శనివారం పొద్దున ఒక్కడినే వెళ్లాను. వెళ్లి ఎంత మంచి పని చేశానో! నేను గీసుకున్న దారిలో సగం నీళ్లలో ఉంది. ఉపగ్రహ చిత్రం ఎండాకాలానిది కావచ్చు, వానలకు చెరువు నిండి శిఖం భూమిలోకి, అంటే చెరువు నిండితే మునిగే అంచు నేలలోకి, నీళ్లు ఎక్కాయి. నీళ్లు కాస్త వెనక్కి తగ్గిన చోట నేల పైకి ఎండినట్టే ఉంది. కాలు పెడితే చీలమండ దాకా దిగబడింది. అక్కడ అమ్మ కాలు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

చుట్టూ తిరగాలన్న ఆలోచన అక్కడే వదిలేశాను. గట్టి నేల ఉన్న వైపే కొంత దూరం వెళ్లి, అదే దారిన వెనక్కి రావాలి. ఎంత దూరం? ఇంటికొచ్చి అమ్మ నడకను లెక్కపెట్టాను. కిలోమీటరుకు ఇరవై అయిదు నిమిషాలు, పావుగంటకోసారి కూర్చోవాలి. మరుసటి వారం మళ్లీ వెళ్లి, కూర్చోవడానికి వీలైన బండలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకున్నాను. కిలోమీటరు దగ్గర ఒక పెద్ద గుండు ఉంది. అక్కడే వెనక్కి తిరగాలని ఖాయం చేశాను. కూర్చునే సమయం కలుపుకుంటే మొత్తం గంటన్నర. డిసెంబర్‌లో ఆరున్నర దాటాకే తెల్లవారుతుంది కాబట్టి ఆరు ముప్పావుకు మొదలుపెడితే ఎండ ముదరకముందే వచ్చేయొచ్చు.

అన్నిటికంటే పెద్ద సమస్య బాత్‌రూమ్. బయటికి వెళ్లాలంటే అమ్మ ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది, మాకు చెప్పదు. చాలామంది ఇళ్లలో అమ్మలు చేసేది ఇదే. దూరం, బూట్లు అన్నీ ఆలోచించి ఇది మరిచిపోతే ప్లాన్ చేసినట్టే కాదు. చెరువుకు పది నిమిషాల దూరంలో చిన్నమ్మ ఇల్లుంది. పొద్దున్నే అక్కడ చాయ్, వచ్చాక టిఫిన్ అని మాట్లాడేశాను. అప్పుడు గానీ అమ్మ ధైర్యంగా నీళ్లు తాగలేదు.

చీర కిందికి బూట్లు బాగుండవని మొదట ఒప్పుకోలేదు. వారం రోజులు ఇంట్లోనే వేసుకుని నడిచాక అలవాటైంది.

అక్క కొడుకు కూడా వస్తానన్నాడు, వాడికి ఎనిమిదేళ్లు. నీళ్ల వైపు నేను, ఇటువైపు వాడు, చెయ్యి వదలకూడదు అని ముందే చెప్పాను. చెరువుల్లో మట్టి తవ్విన గుంతలు నిండితే పైనుంచి లోతు తెలియదు. ఈ విషయంలో పిల్లలతో మొహమాటం వద్దు.

మేం వెళ్లిన ఆదివారం నీళ్ల మీద పలచగా పొగమంచు. నుదుటిన తెల్లని నామంతో నామాల కోళ్లు గుంపుగా ఈదుతున్నాయి. ఒక నీటికాకి బండ మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. "ఫ్లెమింగోలు ఏవి మామా?" అని మేనల్లుడు రెండుసార్లు అడిగాడు. అవి ఈ చెరువుకు వచ్చిన మాట నిజమే గానీ లోతు తక్కువ నీళ్లలో నిలబడి మేసే పక్షులు. చెరువు నిండుగా ఉంటే వాటికి కాలు ఆనదు. నిండిన చెరువు మన కళ్లకు బాగుంటుంది, వాటికి కొంత ఖాళీ ఒడ్డు కావాలి. ఒడ్డున ప్లాస్టిక్ కవర్లు చూసి మాత్రం ప్రాణం ఉసూరుమంది.

రెండో బండ మీద కూర్చుని అమ్మ వాడికి తూము అంటే ఏంటో, చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఊరంతా ఎట్లా పరుగెత్తేదో చెప్పింది. ఆ కథలు నేనూ ఎప్పుడూ వినలేదు.

గుండు దగ్గరికి చేరేసరికి అమ్మ ఉత్సాహంగా ఉంది. "ఇంకొంచెం పోదాం బిడ్డా" అంది. వాడూ పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. తిరుగు దారిలో సగం దాటాక ఎడమ మోకాలు పట్టేసింది. బండ దగ్గర్లోనే ఉంది కాబట్టి పది నిమిషాలు కూర్చుని, నా భుజం పట్టుకుని నడిచింది. ఎనిమిదింబావుకు అనుకున్నది ఎనిమిదిన్నరకు కారు దగ్గరికి చేరాం. చిన్నమ్మ ఉప్మా చేసి ఎదురుచూస్తోంది.

సాయంత్రం మోకాలికి కాపడం పెట్టుకుంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి బూట్లకు అంటిన మట్టి తుడిచి, బాల్కనీలో ఎండకు పెట్టింది.