మా చేతిపనిని మాకు స్థిరపరచుము

భూస్థాపన ఆరాధనలలో తొంభైయవ కీర్తన చదవడం చాలా సంఘాలలో వాడుక. "ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే" అని మొదలయ్యే ఆ ప్రార్థనలో, మన ఆయుష్కాలం డెబ్బది సంవత్సరాలనీ, అధికబలమున్న యెడల ఎనుబది అనీ చెప్పే పదవ వచనం దగ్గర వినేవారి తలలు వంగుతాయి. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అనే పన్నెండవ వచనం మీద బోధకులు నాలుగు మాటలు చెబుతారు. ఆ పైన చదవడం తరచుగా అక్కడితో ఆగిపోతుంది. మోషే ప్రార్థన మాత్రం అక్కడ ఆగలేదు. పదిహేడవ వచనంలో, కీర్తన చిట్టచివర, ఆయన ఇలా వేడుకున్నాడు: "మా దేవుడైన యెహోవా ప్రసన్నత మామీద నుండును గాక మా చేతిపనిని మాకు స్థిరపరచుము మా చేతిపనిని స్థిరపరచుము." జీవితమంతా ఇంటివారికీ ఇరుగుపొరుగుకూ తన చేతులతోనే మేలు చేసి, ప్రభువునందు నిద్రించిన మా నాన్నగారిని తలచుకున్నప్పుడల్లా నేను ఈ వచనం దగ్గరికే వస్తున్నాను. ఆయనవంటి మనిషిని జ్ఞాపకం చేసుకోవడానికి లేఖనమంతటిలో ఇంతకన్న తగిన మాట నాకు కనబడలేదు.

ఈ మాట ఎవరి నోట వచ్చిందో గమనించాలి. కీర్తనల గ్రంథంలో మోషే పేరు మీద ఉన్న కీర్తన ఇది ఒక్కటే. ఆయన నడిపించిన ప్రజలు పనిచేయడం తెలియనివారు కారు. ఐగుప్తులో జిగటమన్ను తొక్కి, ఇటుకలు చేసి, ఫరో కోసం పీతోము, రామెసేసు అనే పట్టణాలు కట్టినవారు. ఆ కట్టడాలలో ఒక్క గది కూడా వారిది కాలేదు. బయటికి వచ్చాక నలభై సంవత్సరాలు గుడారాలలో గడిపారు. ఇరువది ఏండ్లు మొదలుకొని లెక్కింపబడిన ఆ తరమంతా, కాలేబు, యెహోషువలు తప్ప, ఆ అరణ్యంలోనే రాలిపోయింది. అన్ని సమాధులను చూసిన నాయకుడు మనిషి ప్రాణం ఉదయాన చిగిర్చి సాయంకాలానికి వాడిపోయే గడ్డివంటిదని చెప్పడంలో ఆశ్చర్యం లేదు. అంత చెప్పిన తరువాత కూడా, ఇక చేతిపనితో ప్రయోజనమేమిటని ఆయన అనలేదు, ఆ పనిని దేవుని చేతికి అప్పగించి, స్థిరపరచమని రెండుసార్లు అడిగాడు. ఒకసారి అడిగి ఊరుకోలేకపోయిన ఆ మనసు నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

మోషే కళ్లెదుటే దేవుడు ఒక చేతిపనిని, అరణ్యంలో ఆరాధనకు గుడారంగా నిలిపే మందిరాన్ని, కోరి చేయించుకున్నాడు. నిర్గమకాండం 31వ అధ్యాయంలో దేవుని ఆత్మ పూర్ణునిగా చేయబడ్డాడని పేరు పెట్టి చెప్పబడిన బెసలేలు ప్రవక్త కాదు, యాజకుడు కాదు. యూదా గోత్రికుడైన పనివాడు. అతనికి తోడుగా దాను గోత్రం నుండి అహోలీయాబు నియమింపబడ్డాడు. వారిద్దరికీ పని చేసే నేర్పుతో పాటు, ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడే హృదయంలో ఉంచాడని 35వ అధ్యాయం చెబుతుంది. మందిరానికి కావలసిన తుమ్మకర్ర పలకలు నలువది ఎనిమిది. ఒక్కొక్కటి పది మూరల పొడవు, మూరెడున్నర వెడల్పు. ప్రతి పలకకు అడుగున రెండు కుసులు, అంటే బెజ్జంలోకి దిగేలా చెక్కిన మొనలు, ఆ కుసులు దిగడానికి రెండేసి వెండి దిమ్మలు. పలకకు బంగారు రేకు పొదిగారు. దాని మీద తెరలు కప్పారు. కుసి మాత్రం దిమ్మలోకి దిగిపోయాక ఎవరి కంటికీ ఆనదు. అయినా అది వంకరగా ఉంటే గోడ నిలవదు. ప్రయాణం సాగిన ప్రతిసారీ విప్పి, మోసుకుపోయి, మరో చోట నిలబెట్టవలసిన మందిరానికి ఆ కనబడని కుసే ఆధారం. సర్వోన్నతుడైన దేవుడు ఆ కుసి గురించి కూడా కొండ మీద మోషేతో మాట్లాడాడన్న సంగతిని మనం చదివి దాటిపోతుంటాం. ఈ అధ్యాయాలు విసుగు పుట్టిస్తాయని అనేవారితో నేను ఏకీభవించలేను. చెక్క పని, ఇనుప పని, కుట్టు పని చేసే విశ్వాసికి వాటికన్న ఆదరణకరమైన అధ్యాయాలు మరెక్కడ ఉన్నాయి?

మా నాన్నగారు కుర్చీ బాగుచేయడం చూస్తూ నేను పెరిగాను. కాలు ఊగుతున్న కుర్చీ తెస్తే ఆయన మేకు కొట్టేవారు కారు. ముందు ఆ కాలిని పూర్తిగా ఊడదీసేవారు. కుసికి అంటుకుని గట్టిపడిన పాత జిగురును చిన్న ఉలి మొనతో, చెక్కకు గీత పడకుండా, పొరలు పొరలుగా గీసి తీసేవారు. తరువాత బెజ్జంలోకి ఉలి పోనిచ్చి మూలల్లో ఉన్నది కూడా తీసేవారు. కుర్చీ అంతటికీ పట్టే సమయంలో ఎక్కువ భాగం ఈ ఒక్క పనికే పోయేది. ఎందుకింత ఆలస్యమని అడిగితే, "పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదమ్మా, చెక్క తగలాలి" అనేవారు. అప్పుడు కొత్త జిగురు రాసి, కాలిని బెజ్జంలో కూర్చి, నాలుగు కాళ్ల చుట్టూ తాడు వేసి, ఆ తాడు మధ్య ఒక కర్రముక్క దూర్చి మెలిపెట్టి బిగించి, మరుసటి రోజు వరకు ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు. పైకి కనబడని చోట అంత శ్రద్ధ ఎందుకో బెసలేలు కథ చదివాకే నాకు అర్థమైంది. ఆయన దాన్ని ఉపమానంగా చెప్పలేదు, జిగురు గురించే చెప్పారు. నేను కూడా దాన్ని ఉపమానంగా మార్చదలచుకోలేదు. ఆ పని అలాగే, ఉన్నది ఉన్నట్టుగానే దేవుని ఎదుట విలువైనదని నా విశ్వాసం.

కొందరు బోధకులు ఇటువంటి మనిషిని గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు, ఆయన ఎంత ప్రార్థనాపరుడో, ఎన్నిసార్లు బైబిలు చదివాడో చెప్పి, చేతిపనిని చివర ఒక్క వాక్యంలో సరిపెడతారు. పనీ భక్తీ రెండు వేర్వేరు గదులలో ఉన్నట్టు మాట్లాడటం ధర్మశాస్త్రానికి తెలియదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం ఎనిమిదవ వచనం చూడండి. కొత్త ఇల్లు కట్టించినప్పుడు, దాని మీద నుండి ఎవరైనా పడి ఆ ఇంటి మీదికి హత్యదోషం రాకుండా, పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ఆజ్ఞ. పొరుగువానిని ప్రేమించడం ఇక్కడ గోడ ఎత్తు అయింది, సున్నమూ రాయీ అయింది. ఇంకా పడని మనిషిని, ఇంకా రాని అతిథిని తలచుకుని ముందుగానే కట్టే గోడ అది. ఇంటి యజమాని విశ్వాసానికి ఇంత చక్కని కొలత నాకు మరొకటి తెలియదు.

నాన్నమ్మకు మోకాళ్లు సహకరించని రోజుల్లో మెట్ల పక్కన చేతికమ్మీ బిగించినప్పుడు నాన్నగారు చేసింది సరిగ్గా ఇదే. ఆయన కొలతపట్టీ తీయలేదు. నాన్నమ్మను ఒక్కొక్క మెట్టు మీద నిలబెట్టి, గోడ మీద చెయ్యి ఆన్చమని చెప్పి, అరచెయ్యి తేలికగా ఆనిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టారు. ఆ గుర్తుల వెంటే కమ్మీ నడిచింది. చివర ఆమె చీర కొంగు తగులుకోకుండా కర్ర మొనను గుండ్రంగా అరగదీసి, తన అరచేతితో అటూ ఇటూ రాసి చూసుకున్నారు. పిట్టగోడ ఆజ్ఞను ఆయన ఎప్పుడైనా ధ్యానించారో లేదో నేను అడగలేదు. ఆయన చేతులు మాత్రం దాన్ని నెరవేర్చాయి.

ప్రార్థనలో ఆయన మాటలు తక్కువ. సాయంకాలపు కుటుంబ ప్రార్థనలో పిల్లలందరి పేర్లు, జబ్బుగా ఉన్నవారి పేర్లు, ఆ రోజు భోజనానికి స్తుతి, ఆమేన్. యేసును పెంచిన యోసేపు విషయంలోనూ సువార్తలు ఇలాగే ఉన్నాయి. ఆయన పలికిన మాట ఒక్కటి కూడా రాయబడలేదు. నీతిమంతుడనీ, దూత చెప్పగానే నిద్ర మేలుకొని అలాగే చేశాడనీ, రాత్రివేళ శిశువును తల్లిని తోడుకొని ఐగుప్తుకు వెళ్లాడనీ మత్తయి రాశాడు. నజరేతువారు యేసును గుర్తుపట్టింది కూడా ఆ ఇంటి పనితోనే: "ఇతడు వడ్లవాని కుమారుడు కాడా?"

ఇక జ్ఞాపకం చేసుకోవడం మాట. అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు, పేతురు మేడగదిలోకి రాగానే విధవరాండ్రు చేసిన పని నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. వారు ఆమె గుణగణాలను వర్ణించలేదు. ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను పట్టుకుని చూపుతూ నిలబడ్డారు. ఆ కుట్లే వారి సాక్ష్యం. మా ఇంట ఆదరణ కూడికకు వచ్చినవారు కూడా తెలియకుండానే అదే చేశారు. ఒకరు తమ తలుపు గడియ సంగతి చెప్పారు, ఇంకొకరు పిల్లవాడికి చేసి ఇచ్చిన చదువుకునే బల్ల సంగతి చెప్పారు. ఆయన మాకు చెప్పకుండా ఎన్ని ఇళ్లలో ఎన్ని పనులు చేసి వచ్చారో ఆ రోజు మాకు తెలిసింది. అటువంటి కూడికలు జరిపేవారు, ఆ మాటలకు కూడా సమయం ఉంచాలని నా మనవి. వాటిని కబుర్లుగా ఎంచి త్వరపెట్టకూడదు.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను విడవలేదు. కుర్చీ మళ్లీ విరుగుతుంది. కమ్మీ కర్ర ఎప్పటికో పుచ్చిపోతుంది. బెసలేలు చేసిన పలకలే ఇప్పుడు లేవు. మరి దేవుడు స్థిరపరిచేది దేనిని? నాకు దొరికిన జవాబు మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలో ఉంది. మరణాన్ని జయించిన క్రీస్తును గురించీ, మృతుల పునరుత్థానాన్ని గురించీ యాభై ఏడు వచనాలు రాసిన పౌలు, ఆ మహిమ అంతటినీ యాభై ఎనిమిదవ వచనంలో పని దగ్గరికి తెచ్చి నిలిపాడు: మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని యెరిగి, స్థిరులై యుండుడి అన్నాడు. అరణ్యంలో మోషే అడిగినదానికి ఖాళీ సమాధి ఇచ్చిన ఉత్తరం ఇదేనని నేను నమ్ముతున్నాను. వస్తువు పోయినా, ప్రభువునందు చేసిన ప్రయాస పోదు. అది ఎలా నిలుస్తుందో, ఏ రూపంలో మనకు తిరిగి కనబడుతుందో పౌలు వివరించలేదు. వ్యర్థం కాదన్న మాట మాత్రం పునరుత్థానమంత గట్టిది.

అందుచేత నాన్నగారి జ్ఞాపకార్థ దినాన మేము తొంభైయవ కీర్తనను పదిహేడు వచనాలూ చదువుతాం. చివరి వచనంలో మొదటిసారి వచ్చే విన్నపాన్ని ఆయన చేసి వెళ్లిన పనుల కోసం కృతజ్ఞతతోను, రెండవసారి వచ్చేదాన్ని, ఆ గదిలో ఉన్న మా అందరి చేతుల కోసం, పిల్లల చేతులతో సహా, ఒక్కొక్కరి పేరూ ఎత్తి ప్రార్థిస్తాం.